ఎటు తిప్పితే అటే ఉండిపోయే బండి: కొత్త సస్పెన్షన్ పార్టులు వేయించాక వచ్చిన ఒక కేసు

ఈ కేసులో పార్టులన్నీ కొత్తవే, మంచి కంపెనీవే. తప్పు పార్టులో లేదు, బిగించిన తీరులో ఉంది. దాన్ని పట్టుకోవడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. అందులో ఎనిమిది రోజులు, మొదటి రోజే మా షెడ్డులో ఒకావిడ చెప్పిన మాటను నేను సరిగ్గా వినకపోవడం వల్ల పోయాయి. సస్పెన్షన్ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకీ, పని చేయించుకుని కూడా ఇబ్బంది పడుతున్న బండి యజమానులకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. కస్టమరు పేరు, ఊరు, బండి మోడలు, అంతకుముందు పని చేసిన షెడ్డు ఆనవాళ్లు తీసేశాను. మిగతాదంతా మా జాబ్ కార్డులోనూ, ఫోన్లో తీసుకున్న ఫొటోల్లోనూ ఉన్నదే.

బండి, దాని చరిత్ర

మా షెడ్డు విజయవాడ ఆటోనగర్లో. ఎక్కువగా చేసేది బ్రేకులు, సస్పెన్షన్ పనే. ఈ బండి చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. యజమాని రిటైరైన స్కూలు మాస్టారు. ఆయన, వాళ్లావిడ వారానికోసారి కూతురి ఊరికి వెళ్లొస్తారు. అంతకుమించి బండికి పెద్దగా పని లేదు.

ఐదు వారాల ముందు ఇంకో షెడ్డులో ముందువైపు సస్పెన్షన్ మొత్తం మార్పించారు: రెండు షాకబ్జర్లు, పైన మౌంటింగులు, బేరింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని కింది నుంచి పట్టుకునే చెయ్యి లోయర్ ఆర్మ్, దాన్ని బాడీకి కలిపే రబ్బరు కీలు బుష్), లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే బారుని స్ట్రట్‌కి, అంటే షాకబ్జరుకి, కలిపే చిన్న కడ్డీలు). బిల్లు పదిహేడు వేల చిల్లర. ఆ షెడ్డు వాళ్ల రోగ నిర్ణయం సరైనదే. పాత షాకబ్జర్లు నూనె కార్చేశాయి, బుష్‌లు పగిలిపోయాయి. పాత పార్టులు మాస్టారు గోనెసంచిలో వేసి తెచ్చారు కాబట్టి నేను స్వయంగా చూశాను. అనవసరంగా మార్చింది ఒక్కటీ లేదు.

ముందు చక్రం పైన ఏముంటుందో తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1983 చివర్లో వచ్చిన మారుతి 800 దగ్గర్నుంచి మన చిన్న కార్లలో చాలావాటికి ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్టే. ఒక గొట్టంలో షాకబ్జరు, దాని చుట్టూ స్ప్రింగు, అన్నిటికీ పైన రబ్బరు మౌంటింగు. మౌంటింగు బాడీకి బిగించి ఉంటుంది కాబట్టి తిరగదు. స్టీరింగు తిప్పినప్పుడు చక్రంతో పాటు గొట్టమూ స్ప్రింగూ తిరుగుతాయి. తిరిగేదానికీ తిరగనిదానికీ మధ్యన ఉండేది అరచేతిలో పట్టేంత బేరింగు. ఖరీదు తక్కువ, కంటికి కనబడదు. ఈ కేసు సగం దాని చుట్టూనే తిరిగింది.

వచ్చిన ఫిర్యాదు

"అన్నీ కొత్తవే వేశారు బాబూ, బండి మాత్రం ముందుకంటే అధ్వాన్నం అయింది" అన్నారు మాస్టారు. విడదీసి అడిగితే నాలుగు సంగతులు తేలాయి. చిన్న చిన్న గతుకుల మీద ఎడమవైపు టక్ టక్ మంటోంది. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగు పూర్తిగా తిప్పితే టంగుమని ఒక దెబ్బ వినబడుతోంది. స్పీడ్ బ్రేకరు ఎక్కితే నడుముకి తగులుతోంది. నాలుగోది, బండి లాగుతోంది.

ఈ నాలుగోది చెప్పింది మాస్టారు కాదు, పక్క సీట్లో కూర్చునే వాళ్లావిడ. "కాసేపు అటు లాగుద్ది, కాసేపు ఇటు లాగుద్ది బాబూ, ఈయన స్టీరింగుతో కుస్తీ పడతా ఉంటారు" అన్నారు. నేను జాబ్ కార్డు మీద "బండి లాగుతోంది" అని రాసుకున్నాను. అటా, ఇటా అన్నది రాయలేదు. బండి లాగుతోందంటే ఒకవైపుకే అని మా బుర్రలో ముద్ర పడి ఉంటుంది. ఆవిడకి బండి సంగతి అంతగా తెలియదులే అనుకున్నాను. ఇప్పుడు ఆ కార్డు చూస్తే బాధేస్తుంది. కేసు మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

పాత షెడ్డుకి వాళ్లు రెండుసార్లు తిరిగి వెళ్లారు. మొదటిసారి వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసే పని, చేసి పంపారు. రెండోసారి "కొత్త రబ్బర్లు కదండీ, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటాయి" అన్నారు. కొత్త స్ప్రింగూ కొత్త రబ్బరూ కొద్దిగా సర్దుకుంటాయి, అది నిజమే. కానీ టక్కుమనే శబ్దం సర్దుకోదు. ఎక్కడో వదులుంటేనే అది వస్తుంది. తిరిగేకొద్దీ ఆ వదులు పెరుగుతుంది.

మొదట చేసినవి, ఎందుకు చేశానో

ముందు నేనే నడిపి చూశాను. ఆటోనగర్ నుంచి బందరు రోడ్డెక్కి కానూరు మీదుగా పోరంకి దాకా వెళ్లి వెనక్కి. వెళ్లేటప్పుడు బండి ఎడమకి జారుతోంది. మన రోడ్లు వాననీళ్లు పోవడానికి ఎడమ అంచుకి వాలి ఉంటాయి కాబట్టి ఏ బండైనా కొద్దిగా ఎడమకి వెళ్తుంది, దీనిలో అంతకంటే ఎక్కువ ఉంది. పోరంకిలో యూటర్న్ తీసుకుని తిరిగొచ్చేటప్పుడు నా ధ్యాసంతా శబ్దం మీదే. మా కుర్రాణ్ని వెనక సీట్లో కూర్చోబెట్టి ఏ వైపు వస్తోందో చెప్పమన్నాను. ఆ దారిలో బండి కుడికి పోయిందేమో నేను గమనించనే లేదు.

లిఫ్టు మీద పెట్టి ముందు బిగింపులు చూశాను. ఎవరో పని చేసిన బండి అయితే నేను మొదట చూసేది అదే. కొత్త పార్టు అరిగిపోయే అవకాశం కంటే, ఒక నట్టు వదులుగా ఉండిపోయే అవకాశం చాలా ఎక్కువ. అనుకున్నట్టే ఎడమ లింక్ రాడ్డు పై నట్టు వదులుగా ఉంది. లింక్ రాడ్డు చివర గోళీ కీలు ఉంటుంది. నట్టు బిగిస్తుంటే గోళీతో పాటు బోల్టు కూడా తిరిగిపోతుంది. అందుకే బోల్టు చివర ఎల్లన్ కీ పెట్టుకునే గుంట ఇస్తారు. ఒక చేత్తో అది కదలకుండా పట్టుకుని రెండో చేత్తో పానా తిప్పాలి. ఎయిర్ గన్ను పెట్టి టర్రుమనిపిస్తే బిగిసినట్టే అనిపిస్తుంది, నిజానికి బోల్టు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పైగా అక్కడ పాత నైలాక్ నట్టే మళ్లీ వేశారు. లోపల నైలాన్ రింగు ఉండే నట్టు ఒకసారి విప్పితే దాని పట్టు తగ్గిపోతుంది. రెండు వైపులా కొత్త నట్లు వేసి సరిగ్గా బిగించాను.

తర్వాత అలైన్‌మెంట్. లోయర్ ఆర్మ్ విప్పితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పక మారుతుంది, పాత షెడ్డు మిషన్ ఎలాంటిదో నాకు తెలియదు, కాబట్టి మన మిషన్ మీద ఒకసారి చూసుకోవాలి అని నా లెక్క. కాగితం మీద అన్నీ పచ్చగానే, అంటే హద్దుల్లోనే, వచ్చాయి, టో కొద్దిగా సరిచేశాను. నడిపితే టక్ టక్ పోయింది. ఎడమకి జారడం కొంచెం ఉన్నట్టే అనిపించినా రోడ్డు వాలు మీదకి నెట్టేశాను. బండి ఇచ్చి పంపించాను.

నాలుగో రోజు తిరిగొచ్చింది. టక్ టక్ లేదు, టంగు ఉంది, లాగుడు ఉంది. అప్పుడు అర్థమైంది, బండిలో శబ్దాలు రెండు. ఒకటి పోయేసరికి పని అయిపోయిందనుకుని రెండోదాని జోలికి వెళ్లలేదు. సస్పెన్షన్లో ఇది తరచూ జరుగుతుంది. పెద్ద శబ్దం చిన్నదాన్ని కప్పేస్తుంది. పెద్దది పోయాక మళ్లీ మొదటి నుంచి వినాలి.

రెండో విడతలో లాగుడు మీద పడ్డాను. ముందు టైర్లు రెండూ అటుదిటు ఇటుదటు మార్చాను. టైరు నేతలో తేడా ఉంటే లాగే వైపు కూడా మారాలి. మారలేదు, మళ్లీ ఎడమకే. బ్రేకు పట్టేస్తోందేమోనని చక్రాలు లేపి చేత్తో తిప్పాను, పది కిలోమీటర్లు నడిపి వచ్చి రిమ్ముల వేడి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. ఈ పరీక్షల్లో ఏదీ తప్పు కాదు. తప్పల్లా నడిపి చూసే దారిలో ఉంది. మా షెడ్డులోంచి రోడ్డెక్కాలంటే ఎడమకే తిరగాలి. ప్రతిసారీ ఎడమకి తిరిగి, అదే రోడ్డు మీద, అదే దూరం నడిపి, "ఎడమకి లాగుతోంది" అని రాసుకుంటున్నాను.

ఇక స్టీరింగు తిప్పుడుని చక్రాలకి అందించే స్టీరింగ్ ర్యాకు మీద అనుమానం మిగిలింది. మాస్టారితో ఆ మాట అన్నాను. ర్యాకు మారిస్తే ఎంతవుతుందో చెప్పగానే ఆయన ముఖం వాడిపోయింది. ఆవిడ మాత్రం, "నేను మొదటి రోజే చెప్పాగా బాబూ, ఎటు తిప్పితే అటే ఉండిపోద్దని. కుడి సందులోకి తిరిగితే కుడికి, ఎడమ సందులోకి తిరిగితే ఎడమకి" అన్నారు.

దారి తెలిసిన చోటు

ఆ మాట ఈసారి చెవికెక్కింది. అలైన్‌మెంట్ తప్పయినా, టైరు తప్పయినా, బ్రేకు పట్టినా బండి ఎప్పుడూ ఒకవైపుకే లాగుతుంది. చివరగా ఎటు తిప్పామో అటే మొగ్గు చూపుతోందంటే, స్టీరింగు దానంతటది మధ్యకి రావడానికి ఏదో అడ్డుపడుతోందని అర్థం. చక్రాలు ఏ కోణంలో ఉన్నాయన్నది ఇక్కడ సమస్యే కాదు. అలైన్‌మెంట్ మిషన్ బండిని నిలబెట్టి, స్టీరింగు నిటారుగా పట్టి కొలుస్తుంది. తిరిగేటప్పుడు ఎక్కడ పట్టేస్తోందో దానికి కనబడదు. పచ్చ కాగితం రెండుసార్లు వచ్చిందంటే అందుకే.

మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీగా ఉన్న స్థలంలోకి తీసుకెళ్లాను. మెల్లగా వెళ్తూ కుడికి పూర్తిగా తిప్పి చేతులు వదిలాను. స్టీరింగు మధ్య దాకా రాలేదు, పావు వంతు కుడివైపే నిలిచిపోయింది. ఎడమకి తిప్పి వదిలాను, ఎడమవైపు నిలిచింది. ఐదు నిమిషాల పని. మొదటి రోజే చేసి ఉండాల్సింది.

పట్టేసే చోట్లు నాలుగు ఉండొచ్చు. ర్యాకు, స్టీరింగు కాలమ్ కీలు, లోయర్ ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గోళీ కీలు (బాల్ జాయింట్), స్ట్రట్ పై బేరింగు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు మధ్య స్థానాన్ని తప్పుగా గుర్తుపెట్టుకున్నా ఇలాంటి లక్షణమే రావచ్చు. వీటిని విడదీయడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. రెండు చక్రాలు లేపి, ర్యాకుని చక్రాలకి కలిపే టై రాడ్ల చివర్లు రెండూ విప్పేయడం. అప్పుడు ర్యాకు వేరు, స్ట్రట్లు వేరు. స్టీరింగు తిప్పితే ర్యాకు వెన్నలా తిరిగింది. కాబట్టి ర్యాకు, కాలమ్ రెండూ బాగున్నాయి. ఎడమ చక్రం పట్టుకుని చేత్తో అటూ ఇటూ మళ్లించాను, ఒక్కచోట కొద్దిగా బరువుగా ఉన్నా వచ్చింది. కుడి చక్రం మాత్రం తిప్పి వదిలితే స్ప్రింగు పెట్టిన తలుపులా వెనక్కి తన్నింది. లోపం కుడి స్ట్రట్ దగ్గరుంది. బాల్ జాయింటా, బేరింగా అన్నదే మిగిలింది.

టై రాడ్లు మళ్లీ బిగించి బండిని నేల మీదకి దించాను. సుద్దముక్కతో కుడి స్ప్రింగు పై చుట్టు నుంచి దాని మీద కూర్చునే ప్లేటు వరకూ, కింది చుట్టు నుంచి గొట్టం వరకూ రెండు నిలువు గీతలు గీశాను. కుర్రాణ్ని స్టీరింగు మెల్లగా తిప్పమని, నేను చక్రం వెనక నుంచి టార్చి వేసి చూస్తూ రెండు వేళ్లు స్ప్రింగు మీద ఆనించాను. గొట్టం తిరుగుతోంది, స్ప్రింగు కింది చుట్టూ దానితో వెళ్తోంది, పై చుట్టు మాత్రం కదలడం లేదు. స్ప్రింగు మెలి తిరుగుతున్నట్టు వేళ్లకి తెలుస్తోంది. ఇంకాస్త తిప్పాడు. టంగు! పై చుట్టు ఒక్కసారి జారింది, వేళ్ల కింద కరెంటు తగిలినట్టయింది. పై సుద్దగీత అంగుళం దూరంలో రెండు ముక్కలైంది.

"అన్నా, వినబడింది!" అని వాడు అరిచాడు. శబ్దమూ లాగుడూ రెండూ ఒకే చోటు నుంచి వస్తున్నాయి. బేరింగు తిరగకపోతే ఆ పని స్ప్రింగు చేయాల్సి వస్తుంది. మెలి తిరిగి తిరిగి, మరీ బలవంతమైతే దాని పై చుట్టు జారి టంగుమంటుంది. జారాక స్ప్రింగు విశ్రాంతి స్థానం తిప్పిన వైపుకి మారిపోతుంది, చక్రాన్ని అటే పట్టి ఉంచుతుంది.

విప్పి చూస్తే

విప్పే ముందు ప్రతి బిగింపునీ ఫొటో తీశాను. ఎవరిమీదో నింద వేయడానికి కాదు. విప్పాక ఏది ముందు నుంచి ఉన్నదో, ఏది మన చేతిలో జరిగిందో మనకే తెలియకుండా పోతుంది.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. స్ట్రట్ పైన మధ్య నట్టును స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టి స్ప్రింగు నొక్కకుండా ఎవరూ విప్పకండి. బండి బరువు మోసే స్ప్రింగు అది, వదిలితే మనిషిని తీసుకుపోతుంది. ఇంటి దగ్గర వీడియోలు చూసి చేసే పని కాదు.

కుడి బేరింగు తలకిందులుగా ఉంది. ఆ రకం బేరింగుకి రెండు ముఖాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒక ముఖం మీద సన్నటి అంచు, చిన్న గుర్తు ఉంటాయి. గ్రీజు పూశాక అవి కనబడవు. తలకిందులుగా పెడితే అంచు మౌంటింగుకి రాసుకుంటుంది. ప్లాస్టిక్ అప్పటికే ఒక పక్క కరిగినట్టు నున్నగా అరిగిపోయింది. ఎడమవైపు బేరింగు సరిగ్గానే ఉంది, కానీ స్ప్రింగు కింది కొస దాని మెట్టులో లేదు. స్ప్రింగు కూర్చునే పళ్లెంలో కొస ఆనడానికి ఒక మెట్టు చేసి ఉంటుంది. కొస ఆ మెట్టుకి తాకీ తాకకుండా ఉండాలి. ఇక్కడ రెండు వేళ్ల వెడల్పు దాటి మెట్టు మీదకి ఎక్కి కూర్చుంది. దాంతో స్ప్రింగు కొద్దిగా ఒరిగి నిలబడింది. ఎడమ చక్రం ఒకచోట బరువుగా తిరిగింది ఇందుకే.

కుడి షాకబ్జరు రాడ్డు మీద పట్టకారు పళ్ల గుర్తులు కనబడ్డాయి. మధ్య నట్టు బిగించేటప్పుడు రాడ్డు తిరగకుండా పట్టకారుతో పట్టుకుని ఉంటారు. ఇది చూడగానే మా కుర్రాడు "మార్చేద్దామన్నా" అన్నాడు. నేను ఆగి ఆలోచించాను. రాడ్డు మీద గీత పడితే అది ఆయిల్ సీలులోకి వెళ్లి వచ్చినప్పుడల్లా సీలును కోస్తుంది, కొన్నాళ్లకి నూనె కారుతుంది. కానీ ఈ గుర్తులు రాడ్డు పై చివర అంగుళంలోపే ఉన్నాయి. బండి ఎంత లోతు గుంతలో పడినా, రబ్బరు బంప్ స్టాప్ అడ్డం ఉన్నంతవరకు రాడ్డులో ఆ భాగం సీలు దాకా దిగదు. సీలుని తాకని గీత కోసం మాస్టారి చేత ఇంకో షాకబ్జరు, జతగా రెండోది కూడా కొనిపించడం న్యాయం కాదనిపించింది. అంచులు సన్న ఎమెరీతో నునుపు చేసి, తుడిచి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత చూపించమని జాబ్ కార్డు మీద రాశాను. గుర్తులు రెండంగుళాలు కింద ఉండి ఉంటే మరో మాట లేకుండా మార్చేవాణ్ని.

కుడికి కొత్త బేరింగు, ఎడమ స్ప్రింగు కొస మెట్టులోకి. మధ్య నట్లు చేతి పానాతో, రాడ్డు తలలో ఎల్లన్ కీ పెట్టి బిగించి, చివరి బిగింపు, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచితో చేశాను. మళ్లీ అదే స్థలంలో తిప్పి వదిలితే స్టీరింగు రెండు వైపుల నుంచీ నెమ్మదిగా మధ్యకి వచ్చింది.

మిగిలిపోయిన గట్టిదనం

మొదటి రోజు చెప్పిన నాలుగింటిలో ఒకటి ఇంకా ఉంది. స్పీడ్ బ్రేకరు మీద నడుముకి తగలడం. శబ్దమూ లాగుడూ పోయిన సంతోషంలో ఇది మర్చిపోయే ప్రమాదం నాకు మళ్లీ ఉంది. ఈసారి జాబ్ కార్డు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టాను కాబట్టి మర్చిపోలేదు.

చక్రం మధ్య నుంచి పైనున్న ఫెండరు అంచు వరకూ టేపు పెట్టి కొలిచాను. ఎడమ 384 మిల్లీమీటర్లు, కుడి 383. రెండూ సమానమే కదా అనిపిస్తుంది. కానీ అదే మోడల్ బండి ఇంకోటి ఆ రోజు షెడ్డులో ఉంది. దానికి 372, 371. మన బండి ముక్కు ఎత్తి నిలబడింది. కొత్త స్ప్రింగులు వేశారా అంటే లేదు, పాత స్ప్రింగులే. మరి ఈ ఎత్తు ఎక్కడ నుంచి వచ్చింది?

సమాధానం లోయర్ ఆర్మ్ బుష్‌లో ఉంది. బుష్ బోల్టు చుట్టూ జారుతూ తిరుగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ తిరగదు. లోపల ఉక్కు గొట్టం, బయట ఇంకో ఉక్కు గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీకి కరుచుకుంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో కదులుతుంది. చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడల్లా మధ్య రబ్బరు మెలి తిరిగి మళ్లీ వస్తుంది. అందుకే చక్రం మామూలు ఎత్తులో, బండి తన బరువు మీద నిలబడి ఉండగా ఆ బోల్టు బిగించాలి. అప్పుడు రబ్బరుకి విశ్రాంతి స్థానం అదే అవుతుంది.

టూ పోస్ట్ లిఫ్టు మీద బండిని లేపితే చక్రాలు కిందకి వేలాడతాయి. అక్కడ నిలబడి పని చేయడం సులువు, బోల్టు కళ్ల ముందే ఉంటుంది, గన్ను అందుతుంది. అలా వేలాడుతున్నప్పుడే బిగించేస్తే, బండిని దించిన క్షణం నుంచి రబ్బరు మెలి తిరిగే ఉంటుంది, ఎవరో తడి తువ్వాలును పిండి పట్టుకున్నట్టు. అది విడివడాలని ఎప్పుడూ ఆర్మ్‌ని కిందకి తోస్తూ ఉంటుంది. ముక్కు పైకి లేస్తుంది, స్పీడ్ బ్రేకరు మీద స్ప్రింగుతో పాటు ఈ రబ్బరూ ఎదురు తిరుగుతుంది. రబ్బరు ముందుగానే చిరుగుతుంది కూడా.

బండిని పిట్టు (కిందకి దిగి పని చేసే గొయ్యి) మీదకి తెచ్చి, చక్రాలు నేల మీద ఉండగానే ఎడమ ఆర్మ్ ముందు బోల్టు వదులు చేశాను. కిర్రుమని సన్నటి శబ్దం వచ్చింది, కళ్ల ముందే ముక్కు కిందకి దిగింది. కుడివైపూ అలాగే. కొలిస్తే 373, 372. పదకొండు మిల్లీమీటర్లు. ఇన్నాళ్లూ ఆ బరువు ఆ రెండు రబ్బర్ల మీదే ఉంది.

టార్చి వేసి చూస్తే ఎడమ బుష్ అంచున గోరు దిగేంత చిరుగు. కుడిది బయటికి బాగానే ఉంది. రెండూ మార్చాను. ఒకవైపు కొత్తది, రెండోవైపు ఐదు వారాలు మెలి తిరిగి ఉన్నది అయితే రెండు చక్రాలూ ఒకేలా స్పందించవు. బుష్ మళ్లీ పగిలితే కూలీ మొత్తం మళ్లీ పెట్టుకోవాలి. బుష్ ఖరీదు కూలీలో చిన్న వంతు. కొత్త బుష్‌లు బండి బరువు మీదే బిగించాను.

అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర చేశాను. ముక్కు పదకొండు మిల్లీమీటర్లు దిగినప్పుడు టో మారకుండా ఉండదు, మారింది కూడా. ఎనిమిది రోజుల ముందు నేను చేసిన అలైన్‌మెంట్ తప్పు ఎత్తులో నిలబడ్డ బండికి చేసింది. ఆ డబ్బు నేను మాస్టారి దగ్గర తీసుకోలేదు.

డబ్బు సంగతి

"ఆ షెడ్డు వాళ్లు మోసం చేశారంటారా?" అని మాస్టారు అడిగారు. లేదన్నాను, మనస్ఫూర్తిగానే. అవసరమైన పార్టులే వేశారు, అసలైనవే వేశారు. బిగించిన మనిషికి మాన్యువల్ అందుబాటులో లేకనో, రోజుకి ఆరు బళ్లు దించాల్సి వచ్చో ఇలా జరిగి ఉంటుంది. ఇంకో షెడ్డు మీద చెడు చెప్పి కస్టమరుని మన వైపు తిప్పుకోవడం మా లైన్లో ఉన్న పాత జబ్బు. నేను చేసింది ఒక్కటే. విప్పే ముందు, విప్పాక తీసిన ఫొటోలు, కొలతలు, మార్చినవాటి బిల్లు, తలకిందులైన బేరింగు, చిరిగిన బుష్ అన్నీ కవర్లో పెట్టి ఇచ్చాను. గొడవ పడకుండా వెళ్లి చూపించమన్నాను. ఆ షెడ్డు ఓనరు చూసి, ఒప్పుకుని, మా కూలీలో సగం, బుష్‌ల ఖరీదు మొత్తం ఇచ్చారట. ఒప్పుకోకపోయి ఉంటే 1915 నంబరుకి ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కీ వెళ్లొచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. ఏ దారికైనా కావాల్సింది ఆ కవరే. పాత పార్టులు అడిగి తెచ్చుకున్న మాస్టారి అలవాటు ఇక్కడ ఎంత ఉపయోగపడిందో చెప్పలేను.

మా షెడ్డులో మారినవి

జాబ్ కార్డులో "లాగుతోంది" అన్న మాట పక్కన మూడు గళ్లు గీయించాను: ఏ వైపు, ఎప్పుడు, దేని తర్వాత. ఫిర్యాదు చెప్పేవాళ్లు వాడిన మాటే రాయాలి, మన మాటలోకి మార్చకూడదు. పక్క సీట్లో కూర్చునేవాళ్లని కూడా అడుగుతున్నాం. నడిపేవాళ్లు బండి తప్పుని చేతులతో సరిచేసుకుంటూ పోతారు కాబట్టి వాళ్లకి తెలియనిది పక్కవాళ్లకి తెలుస్తుంది.

ముందు సస్పెన్షన్ పని ఏదైనా, విప్పే ముందు నాలుగు చక్రాల ఎత్తు టేపుతో కొలిచి కార్డు మీద రాస్తున్నాం. బుష్ బోల్టులు లిఫ్టు మీద చేతి బిగింపు వరకే. చివరి బిగింపు పిట్టు మీద, లేదా ఆర్మ్ కింద జాకీ పెట్టి రాసుకున్న ఎత్తుకి లేపాకే. మధ్య నట్టు మీద, లింక్ రాడ్డు మీద గన్ను వాడటం మానేశాం. బిగించిన నట్టు మీద పసుపు పెయింటుతో చుక్క పెట్టే పని మా కుర్రాడిది.

బండి యజమానులు చేయగలిగింది కూడా ఉంది. పని అయ్యాక షెడ్డు ముందే డబ్బులు కట్టేసి వెళ్లిపోకుండా, ఖాళీ చోటుకి తీసుకెళ్లి మెల్లగా కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి వదిలి చూడండి. స్టీరింగు రెండు వైపుల నుంచీ మధ్యకి రావాలి. ఆగి ఉన్నప్పుడు తిప్పితే టంగుమనకూడదు. ముక్కు ఎత్తు పనికి ముందు, పనికి తర్వాత ఫొటో తీసుకోండి. బుష్ బోల్టులు నేల మీద బిగించారా అని ఒక్క మాట అడగండి, మెకానిక్ ఏమీ అనుకోడు. పని తెలిసినవాడైతే సంతోషిస్తాడు.

వెయ్యి కిలోమీటర్లకి మాస్టారు చెప్పిన రోజుకే వచ్చారు. చక్రం వెనక చెయ్యి పెట్టి కుడి షాకబ్జరు ఒంటిని తెల్లగుడ్డతో తుడిచాను. దుమ్ము అంటింది, నూనె అంటలేదు. ఎత్తు కొలిస్తే 372, 372. వాళ్లావిడని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మాస్టారినే నడపమన్నాను, నేను వెనక కూర్చున్నాను. ఈసారి షెడ్డు నుంచి ఎడమకి తిరిగి వెళ్లి, రెండు సందులు కుడికి తిప్పించి తీసుకొచ్చాను. దిగాక ఆవిడ "ఇప్పుడు ఎటూ పోవట్లేదు బాబూ" అన్నారు. అదే మాట కార్డు మీద రాసి, ఆ కేసు మూసేశాను.